కీవ్‌లో ఎయిర్ అలర్ట్ యాప్: ఐదుకి నాలుగు ఇస్తా

ఎంబీబీఎస్‌కి కీవ్ వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సిమ్ కొన్నాక ఫస్ట్ వేసుకోవాల్సింది విమాన, మిస్సైల్ దాడులొస్తుంటే హెచ్చరించే ఈ యాప్. 2022 మార్చిలో తెచ్చారు, ఫ్రీనే. మీరుండే ఒబ్లాస్త్, అంటే వీళ్ళ రాష్ట్రం అనుకోండి, అది సెలెక్ట్ చేస్తే చాలు, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సైరన్ మోగుద్ది, చలికాలం కిటికీలన్నీ బిగించేసుంటాం కదా, బయట సైరన్ సరిగా వినపడదు, అప్పుడు ఇదే దిక్కు. ఇంగ్లీష్ పెట్టుకుంటే వాయిస్ మార్క్ హామిల్‌ది, అదే స్టార్ వార్స్ హీరో, పగలు వింటే నవ్వొస్తుంది గానీ రాత్రి మూడింటికి ఏం రాదు లెండి.

మైనస్ ఏంటంటే, రష్యాలో మిగ్-31కె అనే యుద్ధవిమానం లేచిందంటే చాలు, కింజాల్ మిస్సైల్ వేస్తుందేమోనని ఉక్రెయిన్ అంతా ఒకేసారి మోగుతుంది, చాలాసార్లు ఏమీ పడదు. దాంతో జనం పట్టించుకోవడం మానేస్తున్నారు, అదే డేంజర్. సైరన్ మోగినప్పుడు మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉంటే అందులోకి దిగిపోండి, లేదంటే కిటికీలకి దూరంగా రెండు గోడలు అడ్డుండే కారిడార్‌లో కూర్చోండి. పవర్‌బ్యాంక్ మస్ట్, కరెంట్ పోతే ఫోనే లేదు.

సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం అలర్ట్స్ ఆపేయండి, లేకపోతే ఇక్కడి సైరన్ గుంటూరులో మోగి అమ్మావాళ్ళు హడలిపోతారు.