మొలలకు ఇసబ్‌గోల్ పొట్టు, టబ్ స్నానం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

రెండో కాన్పు తర్వాత నాకు మొలలు వచ్చాయి. కుట్టుమిషన్ ముందు రోజంతా కూర్చునే పని నాది. ఆ పని మానకుండా, ఆపరేషన్ దాకా పోకుండా ఇన్నేళ్లు గడిచాయంటే అందులో పెద్ద వాటా ఇసబ్‌గోల్ పొట్టుదే. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ఈ బాధ రావడం చాలా మామూలు. అయినా మన ఆడవాళ్లు కన్నతల్లికి కూడా చెప్పుకోరు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

పొట్టు కొనే ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. రక్తం పడిన ప్రతిసారీ అది మొలలే కావాలని లేదు. మా డాక్టరమ్మ చిన్న గొట్టం పెట్టి చూసి, లోపలి మొలలు, రెండో గ్రేడు అన్నారు. అంటే మోషన్‌కి వెళ్లినప్పుడు బయటికొచ్చి, వాటంతట అవే లోపలికి పోయే రకం. మొదటి గ్రేడులో అసలు బయటికి రావు, మూడో గ్రేడులో వేలితో నెట్టాలి, నాలుగులో నెట్టినా పోవు. లోపలి మొలలకు మామూలుగా నొప్పి ఉండదు, ఎర్రటి రక్తం మాత్రం పడుతుంది. మోషన్‌కి వెళ్తే బ్లేడుతో కోసినట్టుంటే అది ఫిషర్ (మలద్వారం దగ్గర చర్మం చీలడం) కావచ్చు. మలద్వారం దగ్గర రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్ల లాంటి కండ అందరికీ పుట్టుకతోనే ఉంటుందట. గట్టి మలం కోసం ముక్కీ ముక్కీ అది ఉబ్బి కిందికి జారినప్పుడే మనం మొలలు అంటాం. అంటే ముక్కే అవసరం లేకుండా చూసుకోవడమే అసలు వైద్యం. పొట్టు చేసేది ఆ పనే.

ఇది గుజరాత్, రాజస్థాన్‌లలో ఎక్కువగా పండే ఇసబ్‌గోల్ గింజల పైపొట్టు. నీళ్లు పీల్చుకుని జిగురులా ఉబ్బుతుంది, పేగులో పెద్దగా అరగదు, ఆ తేమను చివరిదాకా పట్టి ఉంచుతుంది. మలం మెత్తగా, ఒకే ముద్దగా వస్తుంది. సునాముఖి కలిసిన చూర్ణాల్లాగా పేగును కదిలించి విరేచనం చేయించదు కాబట్టి నాకు నచ్చింది. ఈ పొట్టు లాంటి పీచు వాడితే మొలల నుంచి రక్తం పడటం సుమారు సగానికి తగ్గుతుందని 2005లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థది) తేల్చింది. 378 మందిపై జరిగిన ఏడు పరీక్షలను కలిపి చూసిన లెక్క అది. నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. అయితే ఒకటి రెండు రోజుల్లో మోషన్ మెత్తబడుతుంది గానీ, రక్తం ఆగడానికి వారాలు పట్టింది. ఆ మధ్యలోనే చాలామంది విసిగి మానేస్తారు.

నేను రాత్రి భోజనమయ్యాక ఒక చెంచా పొట్టు పెద్ద గ్లాసుడు నీళ్లలో వేసి, కలిపిన వెంటనే తాగేస్తాను. ఆగితే గడ్డకట్టి గొంతు దిగదు. వెనకాలే ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు చాలకపోతే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది, గొంతులోనో పేగులోనో అడ్డుపడే ప్రమాదమూ ఉంది. మింగడం కష్టమయ్యే పెద్దవాళ్లకు, పేగు సన్నబడిందని డాక్టరు చెప్పినవాళ్లకు ఇది ఇవ్వకూడదు. మిగతా మందులకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం కావాలి. నాది పొద్దున థైరాయిడ్ మాత్ర, దానికి నాలుగు గంటలు ఉంచమన్నారు. అందుకే రాత్రికి మార్చుకున్నాను. మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాస్ బాగా ఇబ్బంది పెట్టాయి. అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే సర్దుకుంటుంది.

ఇక టబ్. కమోడ్ మీద అమరే ప్లాస్టిక్ టబ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు కూర్చుంటే బిగుసుకున్న కండరం వదులై నొప్పి, దురద తగ్గుతాయి. డెట్టాల్, ఉప్పు, పటిక ఏవీ అక్కర్లేదు. పల్చటి టబ్ అయితే బరువుకి ఒంగి నీళ్లన్నీ ఒలికిపోతాయి, కాస్త మందంగా ఉన్నదే కొనండి. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో వెడల్పాటి బేసిన్ చాలు. మొలలు దీనివల్ల తగ్గిపోతాయని మాత్రం అనుకోవద్దు, ఇది ఉపశమనం వరకే.

పొట్టుకీ హద్దు ఉంది. మా పెద్దమ్మకు మూడో గ్రేడు. పొట్టుతో మోషన్ సాఫీ అయింది గానీ మొల లోపలికి పోలేదు. చివరికి సర్జన్ రబ్బరు బ్యాండ్లు వేశారు. రక్తం అందక మొల వాడిపోయి, వారం పది రోజుల్లో బ్యాండుతో సహా రాలిపోయింది. మత్తు ఇవ్వలేదు, అదే రోజు ఇంటికొచ్చింది. ఆపరేషన్ లేకుండా మాయం చేస్తామంటూ గోడల మీద రాసుకునే చోట్ల ఏదో ఇంజెక్షనో, కాల్చే మందో పెట్టించుకుని పుండు పడి బాధపడ్డవాళ్లను మా వీధిలోనే చూశాను. దయచేసి అటు వెళ్లకండి. మలం తారులా నల్లగా వచ్చినా, బరువు తగ్గినా, మోషన్ తీరు మారినా, రక్తహీనత ఉన్నా, నలభై ఐదు దాటాక కొత్తగా రక్తం కనిపించినా పొట్టుతో కాలం గడపకుండా వెంటనే డాక్టరుకి చూపించుకుని, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) లాంటి పరీక్షల గురించి అడగండి.

కొనేటప్పుడు రుచులు కలపని సాదా పొట్టే తీసుకోండి. నారింజ రుచి రకాల్లో కొన్నింటిలో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు డబ్బా వెనక చదివి కొనాలి. తేమ తగిలితే ఉండకడుతుంది కాబట్టి బిగుతు మూత డబ్బాలో పోసి, తడి చెంచా పెట్టకుండా వాడుకోండి.