ఇస్లామిక్ బ్యాంకుతో పేచీ: ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలంటే ఏది మేలు?

కౌలాలంపూర్‌లో ఇల్లు కొన్న తెలుగువారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "మాది ఇస్లామిక్ బ్యాంకు లోను. లెక్కలో తేడా వచ్చింది. ఆన్‌లైన్‌లో కోర్టుకు వెళ్లాలా, ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాయాలా, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అడగాలా?" ముస్లిములు కానివారు ఈ లోన్లు తీసుకోవడం అక్కడ మామూలే. అందుకే ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకోటి అడుగుతారు: "షరియా కోర్టు మెట్లెక్కాల్సి వస్తుందా?" రాదు. మలేషియాలో ఇస్లామిక్ బ్యాంకు తగాదాలు సివిల్ కోర్టులవే. కౌలాలంపూర్ హైకోర్టులో వీటికోసం 2003 నుంచి ముఅమలాత్ (ఇస్లామిక్ వాణిజ్య లావాదేవీల) విభాగం ఉంది.

షరియా బాగా తెలిసినవారు ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ 2009 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం షరియా సందేహం వస్తే జడ్జి అయినా ఆర్బిట్రేటర్ అయినా కేంద్ర బ్యాంకు షరియా సలహా మండలి నిర్ణయాలను చూడాలి, లేదా ఆ ప్రశ్నను మండలికే పంపాలి. మండలి ఇచ్చే జవాబుకు వారు కట్టుబడాలి. ఓడల లీజు కేసు ఒకదానిలో దీన్ని సవాలు చేస్తే, 2019లో మలేషియా అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు 5–4 తేడాతో ఆ చట్టాన్నే నిలబెట్టింది. కాబట్టి ఈ విషయంలో కోర్టు, ఆర్బిట్రేషన్ రెండూ ఒకటే.

అసలు ఇంటి లోను పేచీల్లో షరియా సందేహం ఎక్కడుంది? ఇలాంటి లోనులో వడ్డీ బదులు బ్యాంకు ఇంటిని లాభానికి మీకు అమ్మినట్టు ఒప్పందం ఉంటుంది. ముప్ఫై ఏళ్ల లాభం కలిపి అమ్మకపు ధర ముందే రాసుకున్నారనుకోండి. పదో ఏట ఇల్లు అమ్మి లోను తీర్చేస్తున్నారు. మిగిలిన లాభంలో బ్యాంకు తగ్గింపు, అంటే 'ఇబ్రా', ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది గొడవ కాదు, ఎంత అన్నదే గొడవ. అది కూడికలు, తీసివేతల పని.

నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: తీర్పు ఎవరిని కట్టేస్తుంది? 2025 జనవరి 1న పాత అంబుడ్స్‌మన్ సంస్థ, పెట్టుబడి మార్కెట్ల వివాదాలు చూసే సంస్థ కలిసి ఫైనాన్షియల్ మార్కెట్స్ అంబుడ్స్‌మన్ సర్వీస్ (ఎఫ్‌ఎంఓఎస్)గా మారాయి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. ఖాతాదారుకు రుసుము లేదు, లాయరు అవసరం లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే నిర్ణయం ఇస్తారు. ఆ నిర్ణయాన్ని మీరు ఒప్పుకుంటే బ్యాంకు కట్టుబడి తీరాలి. మీకు నచ్చకపోతే కోర్టు దారి తెరిచే ఉంటుంది. బ్యాంకుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇంత అనుకూలమైన ఏర్పాటును వదిలి నేరుగా దావా వేసేవారిని చూస్తే నాకు ఆశ్చర్యమే.

హద్దులు లేకపోలేదు. నష్టం 2,50,000 రింగిట్లు దాటకూడదు. ఇది ఇంటి ధర కాదు, మీరు పోయిందంటున్న మొత్తం. లోను ఎందుకు ఇవ్వలేదు, లాభం రేటు ఎందుకు ఎక్కువ లాంటివి వాళ్లు వినరు. కోర్టులో నడుస్తున్న కేసునూ ముట్టుకోరు.

ఆ హద్దు దాటితే, లేదా ఒప్పందమే చెల్లదని మీ వాదన అయితే, కోర్టే. దస్తావేజులు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, వీడియోలో విచారణకు 2020 సవరణ చోటిచ్చింది. అయితే లాయరు ఫీజు ఆన్‌లైన్ అయినంత మాత్రాన తగ్గదు. వాయిదాలు కట్టకపోతే బ్యాంకే కోర్టుకు వెళ్తుంది, అప్పుడు ఎంపిక మీ చేతిలో ఉండదు.

ఆర్బిట్రేషన్ సంగతి రెండు ముక్కల్లో: కౌలాలంపూర్‌లోని ఆసియా అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రానికి ఇస్లామిక్ ఒప్పందాల కోసం 2012 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి, దుబాయిలోనూ ఇలాంటి కేంద్రం ఒకటుంది. దేశాలు దాటిన కంపెనీల సుకూక్ (ఇస్లామిక్ బాండ్ల) తగాదాలకు బాగుంటాయి. ఇబ్రా లెక్కకు మాత్రం పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. పైగా రెండు పక్షాలూ ఒప్పుకోవాలి.

ఎఫ్‌ఎంఓఎస్‌కు వెళ్లేవారు ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బ్యాంకు తుది జవాబు వచ్చిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. ఆ ఉత్తరాన్ని, తేదీ కనిపించేలా, వెంటనే స్కాన్ చేసి పెట్టుకోండి.