అమ్మానాన్నలతో న్యూయార్క్: బస ఎక్కడ, డాలరు దేనికి, లిఫ్టు ఏ స్టేషన్‌లో

న్యూజెర్సీలో ఎడిసన్‌కో జెర్సీ సిటీకో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి న్యూయార్క్ చూపించడం ఇటువైపు తెలుగు ఇళ్ళల్లో ప్రతి వేసవీ ఉండే పనే. ఏమేం చూడాలో అందరూ చెబుతారు. చిక్కు అక్కడ లేదు. అరవై దాటినవాళ్ళు ఈ ఊళ్ళో ముందు అలిసిపోయేది సబ్‌వే మెట్ల దగ్గర. అలిసిపోయాక ఎక్కిన ప్రతి ట్యాక్సీకి, కాసేపు కూర్చుందామని దూరిన ప్రతి కాఫీ షాపుకి డబ్బు పోతూనే ఉంటుంది. మోకాళ్ళను లెక్కలోకి తీసుకుని వేసిన ప్లానే జేబునూ కాపాడుతుంది.

బస విషయంలో మా మాట ఒక్కటే. మాన్‌హాటన్‌లో వద్దు, హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీ నుంచి మాన్‌హాటన్‌కి నది కిందుగా వెళ్ళే పాత్ రైలు స్టేషన్‌కి నడిచే దూరంలో తీసుకోండి. ఎక్స్ఛేంజ్ ప్లేస్, గ్రోవ్ స్ట్రీట్, న్యూపోర్ట్, జర్నల్ స్క్వేర్, ఈ నాలుగింటికీ లిఫ్టులున్నాయి. ఎక్స్ఛేంజ్ ప్లేస్ నుంచి వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఒకే ఒక్క స్టాపు, నది కింద కొన్ని నిమిషాల ప్రయాణం. రైళ్ళు రాత్రంతా నడుస్తాయి. జర్నల్ స్క్వేర్ దగ్గర తీసుకుంటే ఇంకో లాభం ఉంది: న్యూవార్క్ అవెన్యూ మీదున్న ఇండియా స్క్వేర్ అక్కడికి దగ్గరే. పొద్దున ఇడ్లీ, రాత్రికి పెరుగన్నం దొరుకుతాయి. ఒంటికి పడని తిండి వల్ల రెండో రోజు ప్రయాణం పాడవడం ఇక్కడ మామూలే కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

న్యూయార్క్ హోటల్ గదికి 14.75 శాతం పన్ను, దాని మీద రాత్రికి మరో 3.50 డాలర్లు పడతాయి. తప్పనిసరిగా వసూలు చేసే ఫెసిలిటీ ఫీజుల్ని ముందు చూపించే ధరలోనే కలపాలని 2025 మే నుంచి నిబంధన వచ్చింది. పన్ను మాత్రం ఇప్పటికీ చివరి పేజీలోనే కనిపించవచ్చు, అందుకే ఆ పేజీ దాకా వెళ్ళాకే పోల్చి చూడండి. మాన్‌హాటన్‌లోనే ఉండాలనుకుంటే, శని ఆదివారాలకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చూడండి. ఆఫీసు జనం ఉండరు కనుక టైమ్స్ స్క్వేర్ కంటే ధర తగ్గుతుంది, రాత్రి నిద్రా పడుతుంది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలు జరిగే వారం, డిసెంబరు రెండో సగం మాత్రం ఎక్కడ తీసుకున్నా భారమే.

‘న్యూయార్క్ నగరంలో మొత్తం ఫ్లాట్, రోజు అద్దెకి’ అనే ప్రకటన కనబడితే ఆగండి. 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం 30 రోజుల లోపు అద్దెకిస్తే ఇంటివాళ్ళు కూడా అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. నలుగురు కుటుంబానికి చవగ్గా వచ్చిన ఫ్లాట్ చివరి నిమిషంలో రద్దవడానికి కారణం చాలాసార్లు ఇదే.

‘కారు ఉంది కదా, తీసుకెళ్దాం’ అనుకునేవాళ్ళు ఈ లెక్క చూడండి. సొరంగానికి టోల్ ఒకటి. మాన్‌హాటన్‌లో 60వ వీధికి దక్షిణంగా అడుగుపెడితే ఈ-జడ్‌పాస్ (టోల్ దానంతటదే కట్టే పరికరం) ఉన్న కారుకి పగలు 9 డాలర్ల రద్దీ రుసుం, రోజుకి ఒకసారి. పాస్ లేకపోతే ఇంకా ఎక్కువ. ఆపైన గ్యారేజ్ అద్దె, దాని మీద 18 శాతం పైచిలుకు పన్ను. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి ఏడుగురు పట్టే మినీవ్యాన్‌లు. వాటిని ‘ఓవర్‌సైజ్’ కింద రాసి అదనంగా వసూలు చేసే గ్యారేజ్‌లు చాలా ఉన్నాయి. బయట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది చిన్న కారుకి, తక్కువ గంటలకి. నడవలేనివాళ్ళు ఉంటే తప్ప కారు వద్దనే చెబుతాం.

ఎడిసన్, మెట్రోపార్క్ వైపు నుంచి వచ్చేవాళ్ళు న్యూజెర్సీ రైళ్ళు నడిపే ఎన్‌జే ట్రాన్సిట్‌లో 62 ఏళ్ళు నిండినవాళ్ళకి తగ్గింపు టికెట్ ఉందన్న సంగతి మర్చిపోకండి. వయసు తెలిపే గుర్తింపు పత్రం దగ్గర పెట్టుకోవాలి. ఇంకొకటి: అందరూ అలవాటుగా న్యూయార్క్ పెన్ స్టేషన్ దాకా వెళ్ళిపోతారు. ఆ రోజు చూడాల్సినవి మాన్‌హాటన్ దక్షిణపు కొసన ఉంటే న్యూవార్క్ పెన్ స్టేషన్‌లో దిగి పాత్ ఎక్కండి, నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో తేలతారు. ఖర్చూ తక్కువ, తొక్కిసలాటా తక్కువ.

సబ్‌వే స్టేషన్లు 472 ఉంటే లిఫ్టు సదుపాయం ఉన్నవి దాదాపు మూడో వంతే. ఉన్న లిఫ్టు ఆ రోజు పనిచేస్తోందో లేదో సబ్‌వే నడిపే ఎంటీఏ సంస్థ యాప్‌లో చూసుకుని బయల్దేరండి. గూగుల్ మ్యాప్స్‌లో వీల్‌ఛెయిర్ దారి అనే ఎంపిక నొక్కితే మెట్లు లేని దారి చూపిస్తుంది, చక్రాల కుర్చీ లేకపోయినా అదే వాడండి. టికెట్ 3 డాలర్లు. గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ కార్డు ఆనిస్తే చాలు. ఏడు రోజుల్లో 12 ప్రయాణాలకి కట్టాక ఆ వారం మిగతావి ఉచితం. అయితే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. పొద్దున ప్లాస్టిక్ కార్డు, సాయంత్రం అదే కార్డు ఫోన్‌లో వాడితే యంత్రం రెండింటినీ వేర్వేరుగా లెక్కిస్తుంది. పాత్ రైలు సంస్థ వేరు, టికెట్ వేరు, అక్కడి నుంచి సబ్‌వేకి మారితే మళ్ళీ కట్టాల్సిందే. 44 అంగుళాల లోపు పిల్లలకు సబ్‌వేలో టికెట్ లేదు.

ఇక దక్షిణపు కొసకి ఒక పూర్తి రోజు ఇవ్వండి. పాత్ దిగగానే పైనున్న ఆక్యులస్ అనే స్టేషన్ భవనంలో బాత్‌రూమ్ పని ముగించుకుని పక్కనే ఉన్న 9/11 స్మారకానికి వెళ్ళండి. రెండు కొలనుల చుట్టూ కంచుపలకల మీద 2,983 పేర్లు చెక్కి ఉంటాయి. దానికి టికెట్ లేదు, లోపలి మ్యూజియానికి మాత్రమే ఉంది. తర్వాత డబ్ల్యూటీసీ కోర్ట్‌లాండ్ స్టేషన్‌లో 1 నంబరు సబ్‌వే రైలెక్కి సౌత్ ఫెర్రీలో దిగండి, రెండు చోట్లా లిఫ్టుంది. పటంలో దగ్గరగా కనిపిస్తుంది గదా అని నడిపిస్తే అక్కడే సగం ఓపిక అయిపోతుంది.

సౌత్ ఫెర్రీ బయటే మోసాలు మొదలవుతాయి. మెడలో కార్డు వేసుకుని ‘స్టాట్యూ టికెట్’ అంటూ వెంటపడేవాళ్ళు అమ్మేది చాలావరకు స్టాట్యూ ఆఫ్ లిబర్టీ విగ్రహం పక్కనుంచి వెళ్ళే పడవకి, ద్వీపం మీద దిగే పడవకి కాదు. దింపే అనుమతి ఉన్నది స్టాట్యూ సిటీ క్రూజెస్ ఒక్కదానికే. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి టికెట్ అమ్మేవాళ్ళు కూడా ఉంటారు. ఆ ఫెర్రీ పూర్తిగా ఉచితం, ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, అటు 25 నిమిషాలు పడుతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే విగ్రహం బాగా కనిపిస్తుంది. అవతల అందరూ దిగి, మళ్ళీ లైన్లో వచ్చి ఎక్కాలి. ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్ళకి మా ఓటు దీనికే. ద్వీపం మీద దిగాలనే కోరిక గట్టిగా ఉంటే మొదటి పడవకే వెళ్ళండి. విమానాశ్రయంలో లాంటి తనిఖీ ఉంటుంది, పదింటి తర్వాత ఆ వరస బాగా పెరుగుతుంది. కిరీటం టికెట్ పెద్దవాళ్ళకి కొనకండి, పీఠం నుంచి పైకి 162 ఇరుకు మెట్లు. పీఠం వరకు లిఫ్టుంది. న్యూజెర్సీ వైపు లిబర్టీ స్టేట్ పార్క్ నుంచీ అదే కంపెనీ పడవ వెళ్తుంది. అక్కడ వరస చిన్నది, కారు పెట్టుకోవచ్చు. లైట్ రైల్లో వస్తే మాత్రం స్టేషన్ నుంచి రేవుకి మైలు పైన నడక, ఎండలో.

బ్రూక్లిన్ బ్రిడ్జికి బ్రూక్లిన్ వైపు నుంచి నడవమని అందరూ చెబుతారు. కుర్రవాళ్ళకి సరే. అటువైపు హై స్ట్రీట్ స్టేషన్‌లో లిఫ్టు లేదు, పైగా వంతెన నడక మైలు దాటుతుంది. పెద్దవాళ్ళని బౌలింగ్ గ్రీన్‌లో రైలెక్కించి బ్రూక్లిన్ బ్రిడ్జ్–సిటీ హాల్ స్టేషన్‌లో దింపండి, అక్కడా లిఫ్టుంది. మొదటి స్తంభం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తే చాలు, ఫొటోకి కావలసిందంతా అక్కడే ఉంది.

ఎత్తు నుంచి ఊరు చూపించే చోట్లు అరడజను ఉన్నాయి, ఒక్కటి చాలు. మేం ఎంచేది రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ది రాక్. ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కితే అదే భవనం కనబడదు కదా, ఇక్కడి నుంచి అదీ కనిపిస్తుంది, వెనక్కి తిరిగితే సెంట్రల్ పార్కూ కనిపిస్తుంది. సూర్యాస్తమయం వేళకి టికెట్ ధర పెరుగుతుంది, ఒకటిన్నర గంట ముందు తీసుకోండి. మబ్బు పట్టే రోజున పైన తెల్లటి గోడే కనిపిస్తుంది కాబట్టి వాతావరణం చూసి ముందురోజు కొనండి. ఇలాంటిదే ఇంకో చోటు సమ్మిట్ వన్ వాండర్‌బిల్ట్ గురించి ఒక మాట ముందే చెప్పాలి: నేలంతా అద్దాలే. చీర, లంగా కట్టుకుని వెళ్తే ఇబ్బంది పడతారు, సల్వారో ప్యాంటో వేసుకోమనండి.

టైమ్స్ స్క్వేర్‌కి చీకటి పడ్డాక అరగంట చాలు, అక్కడ తినొద్దు. బొమ్మల వేషాలవాళ్ళు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని డబ్బడుగుతారు. సెంట్రల్ పార్కులో తొక్కుడు రిక్షాకి నిమిషానికి ఇంత అని రేటు. మాటల్లో అరగంటకి చవగ్గా తోస్తుంది, దిగేసరికి వంద దాటుతుంది. ఎక్కేముందు మొత్తం ఎంతో, మనిషికా బండికా తేల్చుకోండి.

మెట్రోపాలిటన్ మ్యూజియానికి సబ్‌వే వద్దు, బస్సెక్కండి. ఎం1 నుంచి ఎం4 వరకు బస్సులు మాడిసన్ అవెన్యూ మీద పైకి, ఫిఫ్త్ అవెన్యూ మీద కిందికి వస్తాయి. బస్సు మెట్టు కిందికి వంగుతుంది, కిటికీలోంచి ఊరు కనిపిస్తుంది, టికెట్ సబ్‌వేదే. బుధవారం మ్యూజియం మూసేస్తారు.

మిడ్‌టౌన్‌లో శుభ్రమైన బాత్‌రూమ్ అంటే బ్రయంట్ పార్కుదే, కుర్చీలూ ఉచితం. అన్నం కావాలంటే లెక్సింగ్టన్ అవెన్యూ మీద 26 నుంచి 30వ వీధి మధ్య దక్షిణాది శాకాహార హోటళ్ళున్నాయి. బిల్లులో టిప్పు ముందే కలిపారేమో చూసి ఇవ్వండి. ఒక పూట మిగిలితే 7 నంబరు రైల్లో ఫ్లషింగ్ వెళ్ళండి. అక్కడి గణేశ ఆలయం 1977 నాటిది. కింద క్యాంటీన్‌లో దోసె తిని రావచ్చు. చివరి స్టేషన్ నుంచి గుడికి మైలు ఉంటుంది, ఆ కాస్త దూరానికి కారు పిలవడం మేలు.

తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదు, ఏడు మధ్య పెట్టుకోకండి. పెన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం నంబరు రైలుకి పది నిమిషాల ముందు వేస్తారు, వెంటనే జనం ఒక్కసారిగా మెట్ల మీదికి పరిగెడతారు. ఆ హాల్లో లిఫ్టు ఎక్కడుందో ముందే చూసి దాని పక్కనే నిలబడండి. రైళ్ళు ఆగిపోయిన రోజు పాత్‌వాళ్ళు ఎన్‌జే ట్రాన్సిట్ టికెట్ ఒప్పుకుంటున్నారేమో ప్రకటన వినండి. ఒప్పుకుంటే 33వ వీధిలో పాత్ ఎక్కి, జర్నల్ స్క్వేర్‌లో మారి న్యూవార్క్ పెన్ స్టేషన్ చేరండి, ఎడిసన్ వైపు రైళ్ళు ఆగేది అక్కడే.