మూడేళ్ల గుంటడికి ఏది మేలు, అంగన్‌వాడీయా వీధి కాన్వెంటా?

ఆదివారం విశాఖ కంచరపాలెంలో మా తమ్ముడింటికెళ్తే మరదలు ఒకటే గోల, "వదినా, గుంటడికి మూడేళ్లు నిండిపోయాయి, పక్కింటోళ్లు వాళ్ల పిల్లని కాన్వెంట్‌లో వేసేశారు, మేం ఏటి చెయ్యాలి" అని. తమ్ముడిది ఆటో, నెలకి ఇంత అని లెక్కుండదు. వీధి చివర కాన్వెంట్‌లో నర్సరీకి నెలకి 1,200 అంట, అది కాక అడ్మిషను, పుస్తకాలు, టై, బెల్టు, బూట్లు. రెండు సందుల అవతలే అంగన్‌వాడీ, పైసా కట్టక్కర్లేదు. కానీ ఊరికే పెట్టే చోట చదువేముంటాది అని దాని అనుమానం.

ఊరికేం కాదు, దాని వెనక సర్కారు డబ్బుంది. అంగన్‌వాడీల్ని నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది, పిల్లల తిండి ఖర్చు కేంద్రం సగం రాష్ట్రం సగం పెట్టుకుంటాయి, మిగతావి 60:40. తిండి, టీకాలు, బరువు చూడ్డం, ఆటపాటల చదువు అన్నీ ఒకే గొడుగు కింద. అయితే 2017లో కేంద్రం ఒక్కో పిల్లాడి తిండికి కట్టిన లెక్క రోజుకి 8 రూపాయలు, ఆ డబ్బుకి జగదాంబ దగ్గర మంచి టీ కూడా రాదు, గుడ్డూ పాలూ అంటే రాష్ట్రం పైన వేసుకోవాల్సిందే.

అసలు లోటు టీచరమ్మ దగ్గర ఉంది. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేసినప్పుడు టీచరు జీతం 11,500, అందులో కేంద్రం వాటా 2,700. ఆ జీతానికి ఒక్క మనిషే మూడేళ్ల వాడినీ ఆరేళ్లకి దగ్గరపడ్డ వాడినీ కలిపి కూచోబెట్టి ఆడించాలి, మళ్లీ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో ఎంట్రీలు, సర్వేలు, బాలింతల ఇళ్లకి తిరగడం, ఇంక పాటలు ఎప్పుడు చెప్తాది పాపం. మా పెద్దదాన్ని వేసిన సెంటర్ అయితే ఒకటే అద్దె గది, వానొస్తే పిల్లల్ని ఇంటికి పంపేసేవాళ్లు.

మరి కాన్వెంట్ మేలా అంటే, టైముకి తీస్తారు, వ్యాన్ ఉంటాది, చుట్టాలొస్తే గుంటడు "ఏ ఫర్ ఆపిల్" గడగడా అప్పజెప్తాడు, మనకీ ముచ్చటే. కానీ పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం రాని చేతికి కాపీ రైటింగ్ ఇస్తే అది చదువా శిక్షా? మధ్యాన్నం క్యారేజీ కూడా మనదే.

మరదలికి తెలీని లెక్క ఇంకోటుంది. బడికెళ్లే పిల్లల తల్లులకి రాష్ట్రం డబ్బులేసే తల్లికి వందనం ఒకటో తరగతి నుంచే, 2025 జూన్‌లో 15,000లో స్కూల్ నిర్వహణకని 2,000 పట్టుకుని తల్లుల ఖాతాలో 13,000 వేశారు చూడండి, అది నర్సరీ వాడికి రాదు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేట్‌లో పేద పిల్లలకి ఫీజు లేకుండా ఇచ్చే 25 శాతం సీట్లు కూడా మన దగ్గర ఒకటో తరగతిలోనే. అంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడేళ్లూ కాన్వెంట్ ఫీజు పూర్తిగా తమ్ముడి జేబులోంచే, పది నెలల లెక్కన చూసినా 36,000. ఈ వయసులో సర్కారు డబ్బు పిల్లాడి దాకా వచ్చే దారి దాదాపు అంగన్‌వాడీ ఒక్కటే, అది వదిలేసి అప్పు చేసి ఫీజు కట్టడం నాకైతే నచ్చదు.

అందుకే ముందు అంగన్‌వాడీలోనే వెయ్యమన్నాను, ఐదేళ్లు నిండాక ఆ 25 శాతం సీటుకి అప్లై చేద్దువుగానీ అని. కాకపోతే చెప్పకుండా పదకొండింటికి వెళ్లి చూడమన్నాను, పిల్లలు ఆడుతున్నారా గోడకి ఆనుకుని కూచున్నారా, నీళ్లున్నాయా, బాత్రూముందా అని. బాగోపోతే మాత్రం నా మాట వదిలెయ్, ఇంకో సెంటర్ చూసుకో, అదీ కుదరకపోతే కాన్వెంటే.

సోమవారం వెళ్లి చూసొచ్చిందంట. గుంటడు గుడ్డు తినేసి, అక్కడున్న చెక్క బొమ్మలు వదిలి ఇంటికి రానని ఏడుపు. తమ్ముడు మాత్రం రాత్రి ఫోన్ చేసి "అక్కా, మరి టై బెల్టు ఉండదా" అని అడిగాడు.