కడపలో పాత కెమెరా కొనేవారికి హెచ్చరిక: దుకాణంలో తీసి చూపించే ఒక్క ఫోటోను నమ్మకండి

పాత కెమెరా కొనాలని చూస్తున్న విద్యార్థులు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. రెండు నెలల కిందట కడపలోని ఒక దుకాణంలో నికాన్ డి5300 కెమెరా, దానితో వచ్చే కిట్ లెన్సు, ఒక 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు కలిపి 26,500 రూపాయలకు కొన్నాను. ఏడాదిన్నర పాటు సీనియర్ల వెంట పెళ్లిళ్లకు వెళ్లి, లైట్లు మోసి కూడబెట్టుకున్న డబ్బు అది.

దుకాణదారు చాలా మర్యాదగా మాట్లాడాడు. "పన్నెండు వేల క్లిక్కులే తిరిగిందమ్మా, ఒక డాక్టరు గారింట్లో ఊరికే పడి ఉన్న కెమెరా" అన్నాడు. క్లిక్కులంటే ఇప్పటిదాకా ఆ కెమెరాతో తీసిన ఫోటోల లెక్క. అక్కడే నా ఫోటో ఒకటి తీసి చూపించాడు. ముఖం స్పష్టంగా, వెనక అంతా మెత్తగా, ముచ్చటగా వచ్చింది. లెన్సులో ఫంగస్ (తేమకు అద్దం మీద పట్టే బూజు) ఏమైనా ఉందా అన్నా అని అడిగితే, "మన కడప ఎండల్లో ఫంగస్ ఎక్కడిదమ్మా?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. ఆ లెన్సు ఇంతకు ముందు ఏ సముద్రపు ఒడ్డున, ఏ తేమలో, ఎన్నాళ్లు సంచిలో మూసి ఉందో అడగాలని తోచలేదు.

మొదటి మూడు వారాలు ముఖచిత్రాలే తీశాను. దేవుని కడపలో పూలమ్మే అవ్వలు, ఆటో నడిపేవారు, మా హాస్టల్ స్నేహితులు. ఒక్క లోపమూ కనిపించలేదు. ముఖచిత్రాలకు ఎఫ్/1.8, ఎఫ్/2 దగ్గర, అంటే వెలుగు లోపలికి వచ్చే లెన్సు రంధ్రాన్ని దాదాపు పూర్తిగా తెరిచి పెడతాం. అప్పుడు సెన్సర్ (కెమెరా లోపల ఫోటోను పట్టే పలక) మీది దుమ్ము నీడ చెదిరిపోయి ఫోటోలో జాడ తెలియదు. దుకాణంలో ఆయన తీసిన ఫోటో కూడా అలాంటిదే.

తర్వాత ప్రకృతి దృశ్యాలు తీద్దామని గండికోట వెళ్లాను. తెల్లవారుజామున పెన్నా లోయ అంచున నిలబడి, 50 ఎం.ఎం. లెన్సును ఎఫ్/16 దగ్గర పెట్టి, అంటే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఉదయిస్తున్న సూర్యుడి వైపు తిప్పి తీశాను. ఆకాశం నిండా బూడిద రంగు మచ్చలు. అంతకన్నా ఘోరం, లోయ మొత్తం మీద పల్చని మజ్జిగ పోసినట్టు ఒక తెల్లటి పొర. మొదట పొగమంచు అనుకున్నాను. కదలకుండా అక్కడే కిట్ లెన్సు మార్చి తీస్తే మచ్చలు అలాగే ఉన్నాయి, పొర మాత్రం లేదు. అంటే మచ్చలు సెన్సర్ మీది దుమ్మువి, పొర 50 ఎం.ఎం. లెన్సుది. అప్పుడు నా గుండె జారిపోయింది.

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పి, లెన్సు విప్పి, వెనక ఉండే చిన్న మీటను వేలితో నొక్కి, రంధ్రాన్ని మూసే రేకులు తెరిచి, ముందు నుంచి ఫోను టార్చి వేశాను. లోపలి అద్దం మీద ఒక అంచు నుంచి మధ్య దాకా సన్నని తెల్లటి పోగులు, విడదీసిన దూదిలా పాకి ఉన్నాయి. మరమ్మతు చేసే ఆయనకు చూపిస్తే, ఫంగస్ అద్దం మీది పూతను తినేసిందని, తుడిచినా మునుపటిలా కాదని చెప్పాడు.

ఒక సీనియర్ చెబితే క్లిక్కుల లెక్క కూడా చూశాను. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీసిన ఫోటో ఫైలులోనే ఆ లెక్క నమోదై ఉంటుంది. నా కెమెరా లెక్క 91,000 దాటింది! ఈ మోడల్‌లో ప్రతి క్లిక్కుకూ తెరుచుకుని మూసుకునే తెర అయిన షట్టర్‌ను కంపెనీ పరీక్షించింది లక్ష క్లిక్కుల వరకే. సెన్సర్ దుమ్ము తుడిస్తే పోతుంది, దాని గురించి నాకు కోపం లేదు. రాత్రి ఆకాశం కోసం 30 సెకన్లు తెరిచి ఉంచితే కనిపించిన రంగు చుక్కలు కూడా పాత సెన్సర్లకు మామూలే. కానీ 91 వేలను 12 వేలని చెప్పి అమ్మడం మోసం.

తిరిగి వెళ్తే ఆయన మాట మారింది. "నువ్వే పాడు చేసుకుని వచ్చావమ్మా" అన్నాడు. నా దగ్గరున్నది బిల్లు కూడా కాదు, ఒక ఎస్టిమేట్ చీటీ. కెమెరా సీరియల్ నంబరు లేదు, కింద మాత్రం "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, బిల్లులో గడువేమీ లేనప్పుడు లోపమున్న వస్తువును 30 రోజుల్లోగా తీసుకొస్తే వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. నేను 26వ రోజున వెళ్లాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువులకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.

మీరు కొనేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. ఎఫ్/16లో ఆకాశాన్నో తెల్ల కాగితాన్నో తీయండి, దుకాణం బయటికి వచ్చి ఎండకు ఎదురుగా ఒకటి తీయండి, లెన్సు మూత పెట్టి 30 సెకన్లు తెరిచి ఉంచండి, వరుసగా ఇరవై క్లిక్కులు కొట్టండి. లెన్సులోకి టార్చి వేసి చూడండి. అమ్మేవారు వద్దంటే అక్కడి నుంచి వచ్చేయండి. సీరియల్ నంబరు, క్లిక్కుల లెక్క బిల్లు మీద రాయించుకోండి. ఇదంతా పావుగంట పని.

ఒంటరిగా వెళ్లి అడగడానికి మొహమాటపడే జూనియర్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. ఆదివారాలు నాకు ఖాళీయే, టార్చి పట్టుకుని నేనూ వస్తాను.