బెంగళూరులో మనవాళ్ల గుంపు ఏం చేస్తే మేలు: కిట్లా, ట్యూషనా, హెల్ప్ డెస్కా?

ఉగాదికీ వినాయక చవితికీ ఒకచోట చేరే తెలుగు కుటుంబాలు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు దాదాపు ప్రతి పెద్ద అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నాయి. పండగ లెక్కలు తేలాక చందాలో కాస్త మిగిలితే, "ఈసారి మన చుట్టుపక్కల వాళ్లకు ఏదైనా చేద్దామండీ" అని గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు. పెట్టాల్సిన మాటే. ప్రహరీకి ఇటు నెలకు రెండు మూడు లక్షల జీతాలు, అటు నీలం టార్పాలిన్ షెడ్లు. ఆ షెడ్లలోనూ మన భాష వినిపిస్తుంది. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లుంటారు. రాయచూరు, యాద్గిర్ నుంచి వచ్చి కన్నడం, తెలుగు రెండూ మాట్లాడేవాళ్లుంటారు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో.

ఏం చేద్దాం అన్న దగ్గర మూడు దారులు ముందుకొస్తాయి. సరుకుల కిట్లు పంచడం, ఆదివారాలు పిల్లలకు చదువు చెప్పడం, కార్డులూ కాగితాలూ చేయించే హెల్ప్ డెస్క్ పెట్టడం. నాలుగోది కూడా ఉంది గానీ దాన్ని ఎవరూ ఎత్తరు. వీటిని నేను రెండే ప్రశ్నలతో తూస్తాను. ఆ ఇంట్లో నెలనెలా ఎంత మిగులుతుంది? మనం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా అది ఆగకుండా వస్తుందా?

ముందు కిట్లు. కిట్టు పనికిరాదని నేననను. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి, ఊరికి పోయే దారి కూడా మూసుకుపోయినప్పుడు కిట్టే అన్నం పెట్టింది. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్లు నిలిచినప్పుడూ అంతే. అలాంటి రోజుల్లో ఆలోచించకుండా పంచాలి. మామూలు రోజుల్లో లెక్క వేరు. వెయ్యి రూపాయల కిట్లు వంద పంచితే లక్ష రూపాయలు అవుతాయి. మూడు వారాలకు బియ్యం అయిపోతాయి, నాలుగో వారానికి ఆ ఇల్లు మళ్లీ పాత చోటే ఉంటుంది.

అదే కుటుంబానికి ఊళ్లో బియ్యం కార్డు ఉందనుకోండి. "కార్డు ఊర్లో ఉండాది సార్, ఈడ ఇయ్యరు గదా" అంటారు చాలామంది. ఇస్తారు. ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులో మొదలైన 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' ఏర్పాటు ఇప్పుడు దేశమంతా ఉంది. కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉండి, ఆధార్‌తో కలిపి ఉంటే చాలు. బెంగళూరు రేషన్ అంగట్లో వేలిముద్ర వేసి, మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచితంగా తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు వాళ్ల వాటా అక్కడే తీసుకుంటారు, మిగతాది వీళ్లు ఇక్కడ తీసుకుంటారు. నలుగురికి 20 కిలోలు. బయట కిలో 50 చొప్పున కట్టినా వెయ్యి రూపాయలు, అంటే మన కిట్టు ఖరీదే. తేడా ఏమిటంటే అది ప్రతి నెలా వస్తుంది, ఎవరి ముందూ వరసలో నిలబడి ఫొటో దిగాల్సిన పని లేకుండా వస్తుంది. రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చే కార్డులకు మాత్రం ఈ సౌకర్యం ఉండదు కాబట్టి కార్డు ఏ రకమో ముందు చూడాలి. "స్టాక్ లేదు, వచ్చే నెల రా" అని అంగడివాడు తిప్పి పంపితే, పక్కన నిలబడి కన్నడంలో మాట్లాడే మనిషి ఒకరు కావాలి. మన గుంపులో ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉన్నవాళ్లకు అది పెద్ద పనేం కాదు.

నా మొగ్గు హెల్ప్ డెస్క్ వైపు ఎందుకో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏం ఎదురవుతుందో కూడా చెప్పాలి. ఒక సెక్యూరిటీ గార్డు సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి కాగితాలు పరుస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా పేరుకు ముందు ఉంటుంది. పీఎఫ్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి పోతుంది. బ్యాంకు పుస్తకంలో 'ఆంజనేయులు' కాస్తా 'ఆంజనేయ' అయి ఉంటాడు. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. దానికి తోడు ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్‌ది, ఓటీపీ రాదు. నంబరు మార్చుకోవడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. చందా డబ్బులోంచి ఆ ఒక్కరోజు కూలి ఇవ్వడం, నా దృష్టిలో, కిట్టు కన్నా మంచి ఖర్చు. ఆ ఒక్క నంబరు సరిపడితే వెనకాల నాలుగైదు తాళాలు తెరుచుకుంటాయి.

వాటిలో పీఎఫ్ నామినీ ఒకటి. పీఎఫ్ ఉన్న మనిషి ఉద్యోగంలో ఉండగా చనిపోతే, దానికి అనుబంధంగా ఉన్న బీమా కింద కుటుంబానికి 7 లక్షల దాకా రావచ్చు. నామినీ పేరు ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ చాలా తగ్గుతుంది. ఇంకొకటి 20 రూపాయల ప్రమాద బీమా. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోతే, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా చేరవచ్చు. పరంజాల మీద నిలబడి పనిచేసేవాళ్లకు ఇది లేకపోవడం అన్యాయం.

కట్టుబడి కూలీల సంక్షేమ బోర్డు సంగతి మరీ ముఖ్యం. 1996 చట్టాలతో మొదలైన పద్ధతి ప్రకారం కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా, అంటే ప్రత్యేక పన్నుగా, కార్మికుల సంక్షేమానికి పోవాలి. మనం ఉంటున్న టవర్లకూ ఆ సెస్సు లెక్క ఉంది. పిల్లల చదువు, కాన్పు, ప్రమాదం, అరవై దాటాక పింఛను లాంటివాటికి ఆ డబ్బు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, అంతకుముందు ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే బోర్డు కార్డుకు అర్హులు. చిక్కంతా ఆ 90 రోజుల సర్టిఫికెట్ దగ్గరే. మేస్త్రీ సంతకం పెట్టడు, కాంట్రాక్టరు రేపు రమ్మంటాడు. కర్ణాటకలో నకిలీ కార్డులు బయటపడ్డాక పరిశీలన గట్టిపడింది కూడా. కాబట్టి జాలిపడి ఇళ్లలో పనిచేసే అక్కలకు ఈ కార్డు రాయించకూడదు. అది నిజమైన కూలీకి చేటు.

రానివాటి గురించి కూడా బల్ల దగ్గర నిక్కచ్చిగా చెప్పాలి. ఆడవాళ్లకు ఉచిత బస్సు, గృహలక్ష్మి పథకం కింద ఇంటి ఇల్లాలికి నెలకు 2,000 కర్ణాటక నివాసులకే. "ఆధార్ అడ్రసు ఇక్కడికి మార్చేసుకో అక్కా" అని ఊరికే సలహా ఇవ్వకండి. ఊళ్లో అత్తగారి పింఛనూ, బియ్యం కార్డూ ఆ చిరునామాతో ముడిపడి ఉండొచ్చు. రెండు వైపులా లెక్క చూసి నిర్ణయం వాళ్లకే వదిలేయాలి. ఇంకో జాగ్రత్త: ఆధార్ జిరాక్సులు మన దగ్గర దాచుకోకూడదు, వాళ్ల ఓటీపీలు మన ఫోన్లకు రాకూడదు. వాళ్ల చుట్టూ తిరిగే బ్రోకర్లు చేసేది సరిగ్గా అదే.

ట్యూషన్ విషయంలో నాకు గౌరవం ఎక్కువ, నమ్మకం తక్కువ. వాలంటీర్లు నెలకొకరు మారతారు. సైటు పని అయిపోగానే పిల్లలు కూడా వెళ్లిపోతారు. చదువు ఆదాయంగా మారడానికి పన్నెండేళ్లో పదిహేనేళ్లో పడుతుంది, అన్నాళ్లు ఏ అపార్ట్‌మెంట్ గుంపూ నిలబడదు. అసలు షెడ్లలో పిల్లలకు మొదటి అడ్డంకి బడిలో చేరడమే. టీసీ లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో వెనక్కి పంపుతారు. టీసీ ఆలస్యమైందనీ, వయసు రుజువు లేదనీ చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మనలో ఒకరు తల్లితో కలిసి హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట మర్యాదగా చెబితే, ఆరు నెలల ఆదివారాల కన్నా ఎక్కువ పని జరుగుతుంది.

అయినా మీ గుంపులో ఓపికగా చెప్పే టీచర్లు ఉంటే ట్యూషన్ వదలకండి, గురి మాత్రం మార్చండి. దగ్గర్లోని ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షకు తయారు చేయండి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000, మొత్తం 48,000. అమ్మాయిని పదో తరగతి తర్వాత చదువు మాన్పించాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు ఆ డబ్బు ఆమె వైపు నిలుస్తుంది.

వడ్డీ లేని అప్పుల నిధి పెడదామని కూడా కొందరు అంటారు. నాకు నచ్చదు. రోజూ గేటు దగ్గర కనబడే మనిషి మనకు బాకీదారు అయితే ఆ మనిషి తల ఎత్తి మాట్లాడడు. తోపుడు బండి వాళ్లయితే పీఎం స్వనిధి కింద బ్యాంకు అప్పు ఇప్పించవచ్చు. 2020లో 10,000తో మొదలైన మొదటి విడత ఇప్పుడు 15,000 అయింది.

ఎవరూ ఎత్తని నాలుగో దారి మన గేటు లోపలే ఉంది. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు ఏజెన్సీ మనుషులు కావచ్చు, ఆ ఏజెన్సీకి డబ్బు కట్టేది మాత్రం మన మెయింటెనెన్సే. ఏ కొటేషన్ తక్కువైతే దానికి ఓటేసి, అదే వాళ్లకు దసరాకు కిట్లు పంచితే ఆదాయాల తేడా తగ్గదు. 15,000 జీతం మీద యజమాని వాటా పీఎఫ్ నెలకు 1,800. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి యజమాని 487 రూపాయల 50 పైసలు, కార్మికుడు 112 రూపాయల 50 పైసలు కడితే కుటుంబమంతటికీ వైద్యం దొరుకుతుంది. రాజాజీనగర్, ఇందిరానగర్, పీణ్యలో ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. జబ్బుపడి ఇంట్లో ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఇవి జీతంలోంచి కోయడం ఒకటైతే, నిజంగా జమ కావడం ఇంకొకటి. పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానా కాపీ చూపించాకే ఏజెన్సీ బిల్లు పాస్ చేయాలని అసోసియేషన్ ఒక్క తీర్మానం చేస్తే చాలు.

జీతం పెంచడం కూడా మనం భయపడేంత బరువు కాదు. 250 ఫ్లాట్లు, 20 మంది గార్డులు అనుకోండి. ఒక్కొక్కరికి నెలకు వెయ్యి పెంచితే ఫ్లాటుకు 80 రూపాయలు పడుతుంది. ఇంట్లో పనిచేసే అక్క విషయంలో అసోసియేషన్‌ను అడగాల్సిన పని కూడా లేదు. ఇంటిపనికి కనీస వేతనం కర్ణాటక 2004లోనే ప్రకటించింది, ఎప్పటికప్పుడు సవరిస్తోంది. మన గుంపులో ఇరవై ఇళ్లు తలా 500 పెంచి, వారానికి ఒకరోజు సెలవు ఇస్తే, ఏడాదికి 1,20,000 నేరుగా ఆ ఇళ్లకు చేరుతుంది. ఒక్క ఇల్లే పెంచితే పక్కవాళ్లు "రేటు పాడు చేస్తున్నారు" అంటారు. గుంపుగా పెంచితే ఆ మాట అనడానికి ఎవరూ మిగలరు. పదిమంది కలిసి చేయడంలో ఉన్న అసలు బలం ఇక్కడే కనిపిస్తుంది నాకు.

కాబట్టి పదిమంది ఉన్న గుంపైతే నా వరుస ఇది. మొదట ఇంటి పనివాళ్ల జీతం, సెలవు సంగతి ఈ నెలలోనే తేల్చుకోండి. ముగ్గురు అసోసియేషన్ మీటింగులో చలానా తీర్మానం పట్టుకుని కూర్చోండి, మొదటిసారి వీగిపోతే రెండోసారి కూడా తెండి. నలుగురైదుగురు, వాళ్లలో కన్నడం బాగా వచ్చినవాళ్లు ఇద్దరు తప్పకుండా ఉండేలా, నెలకు రెండు ఆదివారాలు కూలీలకు సెలవు దొరికే మధ్యాహ్నం పూట షెడ్ల దగ్గరే బల్ల వేయండి. వాళ్లను మన క్లబ్‌హౌస్‌కు రమ్మనకండి, గేటు దగ్గరే ఆపేస్తారు. చదువు చెప్పగలిగిన ఇద్దరు ఉంటే ఎనిమిదో తరగతి పిల్లల్ని చూసుకోండి. చందాలో సగం కూలి నష్టానికి, ఆటో ఖర్చులకు, జిరాక్సులకు వాడి, మిగతా సగం కదపకుండా ఉంచండి. వాన ముంచెత్తిన రోజున కిట్లు కొనడానికి అది కావాలి.