మహారాణిపేట జెరాక్స్ షాపు: మన ఫైలు అక్కడ మిగలదు

ఈ షాపులో మన ఫైళ్ళు వాట్సాప్‌లో తీసుకోరు. ఆన్‌లైన్ రివ్యూల్లో ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళు ఎక్కువమంది మండిపడింది దీని మీదే కాబట్టి ఆ సంగతి ముందే చెబుతున్నాను. నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది కూడా ఇందుకే.

షాపు విశాఖ మహారాణిపేటలో, కలెక్టరేట్ నుంచి కె.జి.హెచ్. ఆసుపత్రి వైపు వెళ్ళే దారిలో ఉంది. రెండు జెరాక్స్ యంత్రాలు, మూడు కంప్యూటర్లు, లామినేషన్ యంత్రం, వేలిముద్ర పరికరం. పైకి చూస్తే ఆ చుట్టుపక్కల షాపులకూ దీనికీ తేడా ఏమీ కనిపించదు. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. రోజూ నా సంచిలో ఉండేవి నా కాగితాలు కావు. క్లయింట్ల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి దస్తావేజులు. ఒక మనిషి సంపాదన, అప్పు, సంతకం, చిరునామా అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఇమిడిపోతాయి. నమ్మి నా చేతికి ఇచ్చినవాళ్ళకు నేను జవాబు చెప్పాలి. అందుకే ప్రింటు ఎంత నల్లగా వచ్చిందన్నది కాదు, మనం మెట్లు దిగాక అక్కడ ఏం మిగులుతుందన్నదే చూస్తాను.

మామూలుగా జరిగేది మీకూ తెలుసు. గోడ మీద ఒక వాట్సాప్ నంబరు రాసి ఉంటుంది. మనం ఫైలు పంపుతాం. షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ పొద్దున తెరిస్తే రాత్రి దాకా మూయరు. కుర్రాడు ఫైలు దించుకుని ప్రింటు తీసి ఇస్తాడు, డబ్బు ఇచ్చి వచ్చేస్తాం, ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. నగరంలోనే ఇంకో షాపులో కుర్రాడు నా ఫైలు కోసం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే తెర నిండా ఎవరెవరివో ఆధార్లు, పాస్‌పోర్టు మొదటి పేజీలు, స్కానింగ్ రిపోర్టులు కనిపించాయి. ఒకావిడ ప్రసూతి తర్వాత ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం కూడా ఉంది. పేరు, వయసు, రక్తం గ్రూపు, భర్త ఫోన్ నంబరు అన్నీ నేను నిలబడిన చోటు నుంచే చదవగలిగాను. నేను చదవగలిగితే నా వెనుక నిలబడినవాళ్ళూ చదవగలరు.

డౌన్‌లోడ్ చేసుకునే ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, భయమెందుకని కొందరు అంటారు. ఆ పాస్‌వర్డ్ మన పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ సూత్రం అందరికీ తెలిసినదే. పైగా ప్రింటు తీసేటప్పుడు దాన్ని కౌంటర్ ముందు నిలబడి మనమే పైకి చదివి చెబుతాం.

ఈ షాపులో ఫైలు పెన్ డ్రైవ్‌లో తేవాలి, లేదా మన మెయిల్ మనమే తెరుచుకోవాలి. మెయిల్ కోసం ఒక కంప్యూటర్ విడిగా ఉంది. అందులో బ్రౌజర్ ప్రైవేట్ విండోలోనే తెరుచుకుంటుంది, మూసేస్తే మన లాగిన్ నిలవదు. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ నోటితో చెప్పబోతే ఓనరు గారు వినరు. చెయ్యి అడ్డుపెట్టి, కీబోర్డు మన వైపు తిప్పి, ‘మీరే కొట్టండమ్మా’ అని తాను వెనక్కి తిరుగుతారు. ప్రింటు అయ్యాక ఫైలు తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా మన కళ్ళ ముందే ఖాళీ చేస్తారు. ఎంత రద్దీలోనైనా ఆ చివరి పని మానడం నేను చూడలేదు. వెనుక నుంచి ఎవరైనా తొందరపెడితే ‘ఈ ఒక్కటీ అయ్యాక మీ పనే’ అంటారు తప్ప వదిలిపెట్టరు. సరిగా రాని ప్రింట్లు అక్కడే ఒక చిన్న యంత్రంలో వేస్తే సన్నటి పీలికలై కింద పడతాయి. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం విప్పితే ఎవరిదో జీతం స్లిప్పు బయటపడే ఊరు మనది. అందుకే ఆ యంత్రం చప్పుడు నాకు ఎంతో ఇష్టం.

జెరాక్స్ యంత్రం సంగతి కూడా వివరంగా చెప్పాలి. పెద్ద డిజిటల్ యంత్రాలు చాలావాటిలో హార్డ్ డిస్కు ఉంటుంది. మనం అద్దం మీద పెట్టిన పేజీ బొమ్మ దాని మీద పడుతుంది. సెట్టింగు సరిగా పెట్టకపోతే ఆ బొమ్మలు చాలాకాలం ఉండిపోవచ్చు. యంత్రం పాతదై ఎక్స్‌ఛేంజిలో వెళ్ళిపోతే వాటితో సహా వెళ్ళిపోతుంది. పాత యంత్రం మార్చినప్పుడు డిస్కు తీయించుకున్నారా అని ఓనరు గారిని అడిగాను. సొరుగు లాగి రెండు పాత డిస్కులు చూపించారు. రెండింటి మీదా సుత్తి దెబ్బలు స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడున్న యంత్రాల్లో ప్రతి పని తర్వాత పాత సమాచారం మీద తిరగరాసే సెట్టింగు పెట్టించానని తెర మీద ఆ మెనూ కూడా తెరిచి చూపించారు. ఇదే ప్రశ్న వేరే షాపులో అడిగితే నన్ను వింతగా చూశారు.

ఆధార్ కాపీ అడిగినవాళ్ళను ‘దేనికి?’ అని అడుగుతారు. కొందరికి ఇది నచ్చదు. హోటల్ గదికో, అద్దె ఇంటికో అయితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలునని చెప్పి, దాన్ని మన చేతే డౌన్‌లోడ్ చేయిస్తారు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఎవరికి పడితే వారికి ఆధార్ జెరాక్సులు ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది. దాన్ని అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం రెండు రోజుల్లోనే ఉపసంహరించుకుంది. ప్రకటన పోయింది కానీ మాస్క్‌డ్ ఆధార్ సదుపాయం ఉంది. దాని గురించి చెప్పేవాళ్ళే లేరు. ఇక్కడ ఒకరున్నారు.

వేలిముద్రల దగ్గర ఆయన పట్టుదల ఇంకా ఎక్కువ. ఒక పెద్దావిడ పింఛనుకు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. ఆవిడ వేలు పెట్టి తీయగానే పరికరం అద్దాన్ని గుడ్డతో తుడిచి, ‘మామ్మగారూ, మీ ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకున్నారా?’ అని అడిగారు. ‘తాళమేమిటి బాబూ’ అన్నారావిడ. ఆ తాళం వేస్తే, మళ్ళీ తీసేదాకా మన వేలిముద్ర ఆధార్‌తో ఎక్కడా పనిచేయదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, కార్డు, పిన్ను, ఓటీపీ ఏవీ లేకుండానే షాపుల్లో పెట్టే మినీ ఏటీఎం దగ్గర డబ్బు తీయవచ్చని నెమ్మదిగా చెప్పారు. అది ఊరికే పెట్టిన భయం కాదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల డీలరు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ తర్వాత అదే పద్ధతిలో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలూ దొరికాయి. ఇల్లు కొన్నప్పుడు మనం వేసిన వేలిముద్ర మన డబ్బుకే తాళంచెవి అవుతుందని ఎవరు ఊహిస్తారు?

నాకు నచ్చింది ఆ తర్వాతి మాట. తాళం వేయించి పంపేయలేదు. ‘ఒకటో తారీఖున మీ ఇంట్లో ఎవరికైనా వార్డు సచివాలయం వాళ్ళు వేలిముద్రతో పింఛను ఇస్తుంటే, రేషన్ దగ్గర వేలు పెట్టాల్సి వస్తే, అప్పుడు ముందుగా తాళం తీయాలి. మీ మనవడి ఫోన్‌లో తీయడం, వేయడం రెండూ నేర్పించండి. నా దగ్గర మాత్రం పెట్టకండి’ అన్నారు. సలహాతో పాటు దానివల్ల వచ్చే ఇబ్బందీ చెప్పేవాళ్ళు తక్కువ.

కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి ఆయన డబ్బు తీసుకోరు. నేను ఉండగానే ఒక ఆటో అన్నగారు తన నంబరు, ఓటీపీ తానే కొట్టుకుని చూసుకున్నారు. జాబితాలో తనకు తెలియని నంబరు ఒకటి కనిపించింది. ముఖం పాలిపోయింది. ‘నాది కాదు’ అన్నది ఎంచుకుని ఫిర్యాదు పంపేదాకా ఓనరు గారు పక్కనే నిలబడ్డారు. మన నగరంలో దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కుర్రవాళ్ళను కంబోడియా పంపి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారంలో 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. 2019 డిసెంబరులో నౌకాదళ సమాచారం శత్రువులకు చేరవేశారంటూ ఏడుగురు నావికులను అరెస్టు చేసినప్పుడు, సోషల్ మీడియా పరిచయాలతోనే వాళ్ళు వలలో పడ్డారని విన్నాం. నౌకలూ స్థావరాలూ ఉన్న ఊళ్ళో ఫోను ఒక్కరి సొంత వ్యవహారం కాదు. గోడ మీద 1930 అని పెద్ద అంకెలతో కాగితం అంటించారు. సైబర్ మోసంలో డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన నంబరు అది, ఆలస్యమైతే సొమ్ము చేతులు మారిపోతుంది.

ఇంకొకటి ఆయన నోటి నుంచి విన్నది. 2024 ఎన్నికల ముందు ఒకాయన పెన్ డ్రైవ్‌లో ఓటర్ల జాబితా తెచ్చి, పోలింగ్ బూత్‌ల వారీగా ప్రింట్లు అడిగారట. ఎన్నికల సంఘం ప్రచురించే జాబితాలో ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు, కులం ఉండదు, ఏ పథకం డబ్బు వస్తోందో ఉండదు. ఆ పెన్ డ్రైవ్‌లోని జాబితాలో ఇవన్నీ వరుసలుగా ఉన్నాయట. ఓనరు గారు పెన్ డ్రైవ్ తీసి చేతికిచ్చి, యంత్రం పనిచేయడం లేదని చెప్పి పంపేశారట. పెద్ద ఆర్డరు పోగొట్టుకున్నారు. ఏ పార్టీ అని నేను అడగలేదు, అడిగినా చెప్పేవారు కాదు. 2019 మార్చిలో ఓటర్ల సమాచారం చోరీ గొడవ మీద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు విడివిడిగా దర్యాప్తు బృందాలు వేశాయి. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ఎవరి సమాచారం పోయిందో ఆ ఓటరును పలకరించినవాళ్ళు లేరు. ఓటు రహస్యమని మురిసిపోతాం కానీ, ఓటరు ఇంట్లో ఎవరికి జబ్బు, ఎవరికి పింఛను, ఎవరి కులమేమిటి అని వరుసగా రాసుకున్నవాడు గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ పలకరిస్తే, ఆ ఇంటివాళ్ళు ఎంత స్వేచ్ఛగా మాట్లాడగలరు? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పును ఈ షాపు ఓనరు చదివారో లేదో నాకు తెలియదు కానీ, ఆ రోజు పాటించారు.

ఇక లోపాలు. అన్నింటికంటే పెద్దది కెమెరా. కౌంటర్ పైన బిగించిన సీసీ కెమెరా సరిగ్గా జెరాక్స్ అద్దం మీదికి, మనం కొట్టే కీబోర్డు మీదికి చూస్తూ ఉంటుంది. ఫైలు తుడిచి, బిన్ ఖాళీ చేసి, కాగితం పీలికలు చేశాక అదే కాగితం కెమెరా రికార్డింగులో ఉంటే ఏం లాభం? నేను అడిగితే దొంగతనం జరిగాక పెట్టించామని చెప్పారు. గుమ్మం వైపు తిప్పితే దొంగా కనిపిస్తాడు, మన కాగితమూ కనిపించదు. చెప్పి చాలాకాలమైంది, ఇంకా తిప్పలేదు. నేను స్టారు తగ్గించింది దీనికే.

రెండోది రిజిస్టరు. నెట్ వాడుకునేవాళ్ళ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరాలు రాయించుకోవాలని 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలే చెబుతున్నాయి, రిజిస్టరు కనీసం ఏడాది దాచాలి. అందులో షాపు తప్పు లేదు. కానీ పుస్తకం తెరిచి బల్ల మీద పడేస్తే నా పైవరసలో సంతకం పెట్టిన అమ్మాయి ఫోన్ నంబరు నాకు కనిపిస్తోంది, నాది నా తర్వాత వచ్చే అబ్బాయికి కనిపిస్తుంది. పై వరసలు మూసేలా ఒక అట్ట పెట్టుకుంటే సరిపోతుంది. తెరల సంగతి వేరు. విడి గదులు లేని చోట కంప్యూటర్ తెరలు షాపులో అందరూ తిరిగే ఖాళీ జాగా వైపే ఉండాలని అవే నిబంధనల్లో ఉంది. పిల్లలు చూడకూడనివి చూస్తారన్న భయంతో పెట్టిన నియమం కావచ్చు, ఇప్పుడది ఎవరు బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచినా షాపులో ఉన్న అందరికీ చూపిస్తోంది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటున్నారు. పాత నిబంధనలను కూడా ఆ చట్టం వెలుగులో మళ్ళీ చూడాలని నా గట్టి కోరిక. అప్పటిదాకా మూల కంప్యూటర్ అడగండి, అక్కడ కూర్చుంటే మన వెనుక గోడ ఉంటుంది.

ధర కాస్త ఎక్కువ. పక్క షాపులో పేజీకి రెండు రూపాయలైతే ఇక్కడ మూడు. తుడవడం, చింపడం, మనచేత కొట్టించడం వల్ల ఆలస్యం కూడా అవుతుంది. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం ఉదయం వెళ్తే నిలబడలేరు. పెన్ డ్రైవ్ లేనివాళ్ళు మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుంచుకుని వెళ్ళాలి, ఫోన్ నుంచి కేబుల్‌తో తీసుకోమంటే ఒప్పుకోరు. షాపుకు రెండు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ కోసం కుర్రాడు పరికరాన్ని కిందికి తెచ్చే పద్ధతి ఉంది, కానీ అడగాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ ఉంటుంది కాబట్టి, ఇంట్లో మంచి ఫోను ఉంటే ముఖం చూపించి అక్కడే ఉచితంగా చేసుకోవచ్చని ఆయనే చెబుతారు. ఏ యాప్ వేసుకోవాలో చిన్న కాగితం మీద తెలుగులో రాసి ఇస్తారు, దానికి డబ్బు తీసుకోరు.